26 సీజన్లకే మార్చేసిన స్టేడియం: ఆర్లింగ్టన్ పైకప్పుపై ఒక కేస్ స్టడీ

2019 సెప్టెంబరు 29న టెక్సస్ రేంజర్స్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌ను 6-1తో ఓడించి తన పాత స్టేడియంలో చివరి బేస్‌బాల్ మ్యాచ్ ముగించింది. గ్లోబ్ లైఫ్ పార్క్ అనే ఆ స్టేడియం 1994లో మొదలైంది. ఆడింది 26 సీజన్లు. కాంక్రీటు చెడిపోయిందని గానీ, కూలిపోయే ప్రమాదం ఉందని గానీ ఎవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ నిలబడే ఉంది, వాడుకలోనే ఉంది. అయినా దాని పక్కనే, దాని పార్కింగ్ స్థలంలోనే, సుమారు 120 కోట్ల డాలర్లతో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ అనే కొత్త స్టేడియం లేచింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఒక్కటే. కొత్తదానికి కదిలే పైకప్పు ఉంది, దాని కింద ఏసీ ఉంది.

నా వృత్తి పెద్ద స్పాన్ పైకప్పుల, అంటే మధ్యలో స్తంభాలు లేకుండా ఎక్కువ దూరం దాటే పైకప్పుల, స్ట్రక్చరల్ డిజైన్. ఆర్లింగ్టన్ ప్రాజెక్టులో నా పాత్ర ఏమీ లేదు. కానీ మా రంగంలో క్లయింట్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇప్పటికి ఓపెన్‌గా కట్టేద్దాం, కావాలంటే తర్వాత పైకప్పు వేసుకోవచ్చు కదా?" దానికి నాకు తెలిసినంతలో ఆర్లింగ్టన్‌ను మించిన జవాబు లేదు. ఈ కేసు గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది కొత్త స్టేడియం కోసం 2016లో జరిగిన ఓటింగ్ చుట్టూ, పన్నుల చుట్టూ తిరుగుతారు. నా దృష్టిలో అసలు నిర్ణయం పాత స్టేడియం తలపెట్టిన 1991లోనే అయిపోయింది. 2016లో జరిగింది ఆ నిర్ణయానికి బిల్లు కట్టడం.

ఎండ, ఆ ఊరు, ఆ ఆట

ఆర్లింగ్టన్ డల్లాస్‌కు, ఫోర్ట్‌వర్త్‌కు నడుమ ఉన్న నగరం. జనాభా నాలుగు లక్షలకు దగ్గర. 1972లో వాషింగ్టన్ నుంచి జట్టు అక్కడికి వచ్చినప్పుడు ఆడిన మైదానం ఆర్లింగ్టన్ స్టేడియం. 1965లో చిన్న లీగు జట్టు కోసం పదివేల సీట్లతో టర్న్‌పైక్ స్టేడియం పేరిట కట్టిందాన్నే విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయారు. నీడ దాదాపు శూన్యం. వేసవిలో పగలు ఆడటం కష్టమని, మిగతా అమెరికా అంతా ఆదివారం మధ్యాహ్నం ఆడుకుంటుంటే రేంజర్స్ మాత్రం ఆదివారం కూడా రాత్రిపూటే ఆడేవారు.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసిన మనకు ఇందులో వింతేముంది అనిపించవచ్చు. తేడా కాలంలో ఉంది. మన దగ్గర మే నెల ఎంత మండినా జూన్‌లో రుతుపవనాలు వచ్చి చల్లబరుస్తాయి. ఉత్తర టెక్సస్‌కు ఆ అదృష్టం లేదు. అక్కడ జులై, ఆగస్టు నెలలే అసలైన నిప్పుల కొలిమి. 2011లో డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 38 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు 71. అంతకు ముందు రికార్డు 1980లో 69 రోజులు. బేస్‌బాల్ సీజన్ ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరు చివరిదాకా సాగుతుంది, సొంత మైదానంలో 81 మ్యాచ్‌లు ఆడాలి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకైతే సీజన్లో సొంత మైదానంలో ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా చలికాలంలో. ఎండ భారం పడేది బేస్‌బాల్ మీదే. విచిత్రం ఏమిటంటే, ఆర్లింగ్టన్‌లో ముందుగా కదిలే పైకప్పు దొరికింది ఫుట్‌బాల్‌కు. 2009లో తెరిచిన డల్లాస్ కౌబాయ్స్ స్టేడియం, ఇప్పటి ఏటీ అండ్ టీ స్టేడియం, ఈ రెండు బేస్‌బాల్ మైదానాలకు పొరుగునే ఉంది.

1991లో ఏం ఆలోచించి ఉంటారు

1991 జనవరిలో ఆర్లింగ్టన్ ఓటర్లు డాలరుకు అర సెంటు, అంటే అర శాతం, సేల్స్ ట్యాక్స్‌కు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో నగరం తన వాటాగా 13.5 కోట్ల డాలర్లు పెట్టింది. మొత్తం ఖర్చు 19.1 కోట్ల డాలర్లు. అప్పటి జట్టు యాజమాన్యంలో మేనేజింగ్ జనరల్ పార్ట్‌నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్, తర్వాత అధ్యక్షుడైన ఆయనే. డిజైన్ డేవిడ్ ష్వార్జ్‌ది. ఎర్ర ఇటుక, గ్రానైటు, ఆర్చీలు, కుడివైపు పాతకాలపు మేడలాంటి స్టాండ్, సెంటర్ ఫీల్డ్ (బ్యాటర్‌కు నేరుగా ఎదురుగా ఉండే మైదానం చివర) వెనక ఆఫీసు భవనం. 1992లో బాల్టిమోర్‌లో తెరిచిన కామ్డెన్ యార్డ్స్‌తో ఊపందుకున్న పాత తరహా అందానికి టెక్సస్ రూపం అది. నిజంగా అందమైన భవనం, అందులో నాకేమీ అనుమానం లేదు. తీసుకున్న అప్పును నగరం అనుకున్న గడువుకు పదేళ్ల ముందే, 2001లో తీర్చేసింది.

అప్పుడే పైకప్పు ఎందుకు వేయలేదని ఇప్పుడు తప్పు పట్టడం తేలికే. అప్పటికి కళ్లముందున్న ఉదాహరణలు చూడండి. సరిగ్గా పనిచేస్తున్న కదిలే పైకప్పు బేస్‌బాల్‌లో ఒక్కటే ఉంది: 1989లో టొరంటోలో తెరిచిన స్కైడోమ్. దానికైన ఖర్చు సుమారు 57 కోట్ల కెనడా డాలర్లు. రెండోది మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. ఆ పైకప్పు గుడ్డ చిరుగులతో అప్పటికే పరువు పోగొట్టుకుంది. ఫీనిక్స్ 1998, సియాటిల్ 1999, హ్యూస్టన్ 2000, మిల్వాకీ 2001. కదిలే పైకప్పులు మామూలు విషయంగా మారింది ఆ తర్వాతే. 19 కోట్ల బడ్జెట్ చేతిలో పెట్టుకుని, నమ్మకం కుదరని టెక్నాలజీకి అంతకు రెండింతలు పెట్టమని ఏ ఇంజనీరూ సలహా ఇవ్వడు. నేనైనా ఇచ్చేవాణ్ని కాదు.

కాబట్టి పైకప్పు వేయకపోవడం తప్పు కాదు. పైకప్పుకు చోటు వదలకపోవడమే అసలు సమస్య. ఈ రెంటికీ చాలా దూరం ఉంది, ఈ కేసులో నేర్చుకోదగ్గదంతా ఆ దూరంలోనే ఉంది.

పాతదానికి పైకప్పు ఎందుకు కుదరదు

బరువు ఎక్కడ దిగుతుందన్నది మొదటి ప్రశ్న. ఓపెన్ స్టేడియంలో స్తంభాలను సీట్ల బరువుకు, జనం బరువుకు, జనం ఒక్కసారిగా లేచి గెంతితే పుట్టే కంపనానికి, పై అంతస్తు మీద కొద్దిపాటి నీడకప్పుకు డిజైన్ చేస్తారు. మైదానం మొత్తాన్ని కప్పే పైకప్పు వాటి మీద ఆనదు. కొత్త స్టేడియం పైకప్పు విస్తీర్ణం 5.5 ఎకరాలు. ప్రాజెక్టు వాళ్లు ప్రకటించిన బరువు 2.4 కోట్ల పౌండ్లు, అంటే దాదాపు 10,900 టన్నులు. ఇంత బరువు ప్రత్యేకమైన పెద్ద స్తంభాల మీదుగా, ప్రత్యేకమైన పునాదుల్లోకి దిగాలి. పాత స్టేడియంలో ఆ స్తంభాలు పెట్టాలంటే సీట్ల గిన్నెకు బయట, ఇటుక గోడల వరుసలోనో దాని అవతలో చోటు వెతకాలి. అక్కడ ర్యాంపులు, వంటగదులు, కరెంటు గదులు, డ్రైనేజీ లైన్లు, సెంటర్ ఫీల్డ్ వెనక నాలుగంతస్తుల ఆఫీసులు ఉన్నాయి. ఒక్కో స్తంభానికీ ఒక్కో గొడవ.

రెండోది నేల. డల్లాస్ ప్రాంతమంతా ఉబ్బే బంకమట్టి. మన నల్లరేగడి గుణమే: నీళ్లు తాగితే పొంగుతుంది, ఎండితే పగిలి కుంచించుకుపోతుంది. అందుకే అక్కడ పెద్ద కట్టడాలకు మట్టిని దాటి కింద రాయి దొరికేదాకా లోతుగా పయర్లు (కాంక్రీటు పునాది స్తంభాలు) దింపుతారు. ఇరవై ఏళ్లుగా కుదురుకుని ఉన్న పునాదుల పక్కనే కొత్తగా వేల టన్నుల బరువు మోసే పయర్లు తవ్వితే, పాతది ఒక తీరుగా, కొత్తది మరో తీరుగా కదులుతాయి. మామూలు భవనంలో ఆ కొద్ది మిల్లీమీటర్ల తేడాను జాయింట్లతో సర్దుకోవచ్చు. పట్టాల మీద నడిచే పైకప్పుకు మాత్రం రెండు పట్టాల మధ్య ఎత్తు తేడా చాలా తక్కువ ఉండాలి. లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి.

మూడోది గాలి. ఇక్కడే మా వాళ్లు కూడా పొరబడుతుంటారు. పైకప్పు వేయగానే అది వేరే భవనం అవుతుంది. ఓపెన్ కట్టడానికి లెక్కించే గాలి ఒత్తిడి వేరు, మూసిన కట్టడానికి వేరు, సగం మూసినదానికి మరీ వేరు. టెక్సస్‌లో వడగళ్లు, సుడిగాలులు రెండూ ఉన్నాయి. గాలి ఒకవైపు నుంచి లోపలికి జొరబడి పైకప్పును కింద నుంచి ఎత్తుతుంది. ఆ ఎత్తే బలాన్ని ఆపాలంటే చుట్టూ గోడలు మూయాలి లేదా పైకప్పును ఇంకా బరువుగా కట్టి ఇంకా గట్టిగా కిందికి బిగించాలి. 1994 స్టేడియం అందమంతా దాని తెరుచుకున్న ఆర్చీలే, గాలి ఆడే వరండాలే. ఓపెన్ మైదానానికి అవి వరం. ఏసీ వేయాలంటే ఒక్కొక్కటీ ఒక్కో కన్నం. వాటిని మూస్తే ఆ భవనానికి ఉన్న అందమూ పోతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 5.5 ఎకరాల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు అయిదున్నర లక్షల లీటర్లు. అది ఎక్కడికి పోవాలి? పాత డ్రైనేజీ గడ్డి మైదానంలో ఇంకే నీటికోసం వేసింది, పైనుంచి గొట్టాల్లో ఒక్కసారిగా దూకే నీటికోసం కాదు.

తెరిచినప్పుడు పైకప్పు ఎక్కడ నిలబడాలి అన్నది మరో ప్రశ్న. దానికీ చోటు కావాలి. సియాటిల్‌లో తెరిచిన పైకప్పు పక్కనున్న రైలు పట్టాల మీదుగా వెళ్లి ఆగుతుంది. అక్కడ మొదటి రోజు నుంచే ఆ చోటు లెక్కలో ఉంది. కట్టేసిన స్టేడియానికి తర్వాత అలాంటి చోటు పుట్టించడం కష్టం.

ఇన్నీ దాటినా క్యాలెండర్ దాటనివ్వదు. సీజన్ ముగిసి మళ్లీ మొదలయ్యేలోపు చేతిలో ఉండేది ఐదు నెలలు, అవీ చలికాలపు నెలలు. మైదానం మీదుగా ట్రస్సులు (పైకప్పును మోసే ఉక్కు చట్రాలు) ఎక్కించే పని ఐదు నెలల్లో పూర్తికాదు. రెండు మూడు శీతాకాలాలుగా విడగొడితే, మధ్యలో సగం కట్టిన ఉక్కు కింద వేలమంది కూర్చోవాలి. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుంది? లేదా జట్టు ఒక పూర్తి సీజన్ వేరే ఊళ్లో ఆడాలి.

పైకప్పు రాగానే గడ్డికి ఎండ చాలదు. పెద్ద మార్పు చేసినందుకు అగ్నిమాపక నిబంధనలు, వికలాంగుల సౌకర్యాలు, కరెంటు పొదుపు నిబంధనలు మొత్తం భవనానికి కొత్తగా వర్తిస్తాయి. ఇవన్నీ కలిపి చూస్తే "పాతదానికి పైకప్పు ఖర్చు" అనే అంకె కొత్త స్టేడియం ఖర్చుకు దగ్గర దగ్గరగా పోతుంది, చేతికొచ్చేది మాత్రం పాత స్టేడియమే. ఇలాంటి రెట్రోఫిట్ (పాత కట్టడానికి కొత్త భాగం జోడించే) రిపోర్టులు చాలావరకు ఒకే వాక్యంతో ముగుస్తాయి: సాధ్యమే, కానీ తగదు.

2016: సంతకాలు, పన్నులు

2016 మే నెలలో నగరం, జట్టు కలిసి కొత్త స్టేడియం ప్రకటించాయి. పాత లీజు 2024 దాకా ఉంది. ఎనిమిదేళ్లు మిగిలి ఉండగానే ఎందుకు తొందర? పక్కనే డల్లాస్ ఉంది. లీజు చివరికి వచ్చేకొద్దీ డల్లాస్ పిలుస్తుందేమోనన్న టెన్షన్ నగర పెద్దలకు ఉండేది. అప్పటి మేయర్ జెఫ్ విలియమ్స్ వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరే. ఒప్పందం ప్రకారం నగరం వాటా గరిష్ఠంగా 50 కోట్ల డాలర్లు. ఖర్చు పెరిగితే ఆ పెరిగిందంతా జట్టే భరించాలి. బదులుగా జట్టు 2054 జనవరి 1 దాకా ఆర్లింగ్టన్‌లోనే ఉండాలి. 2016 నవంబరు 8న, అధ్యక్ష ఎన్నిక రోజునే, దాదాపు 60 శాతం ఓట్లతో ప్రతిపాదన నెగ్గింది.

ఖర్చు పెరుగుదల ఎవరి నెత్తిన అన్న షరతు చాలా మంచిది. అందుకు నగరాన్ని మెచ్చుకోవాలి. కదిలే పైకప్పు ప్రాజెక్టుల్లో ఖర్చు పెరగకుండా ముగిసినవి అరుదు, ఇది కూడా మొదట అంచనా వేసిన వంద కోట్ల డాలర్లను దాటింది. పరిమితి రాసుకోకపోయి ఉంటే ఆ తేడా పన్ను కట్టేవాళ్ల మీద పడేది.

పన్నుల సంగతి అంత శుభ్రంగా లేదు. కౌబాయ్స్ స్టేడియం కోసం 2004లో ఓటర్లు ఒప్పుకున్న అర సెంటు సేల్స్ ట్యాక్స్, హోటళ్ల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం పన్నులనే కొనసాగించారు. "కొత్త పన్ను లేదు" అని ప్రచారం చేశారు. మాట నిజమే. కానీ ఆగిపోవాల్సిన పన్ను ఆగలేదు, అదీ నిజమే. వీటికి తోడు టిక్కెట్ల మీద 10 శాతం దాకా, పార్కింగ్ మీద 3 డాలర్ల దాకా పన్నుకు కూడా అదే ఓటులో అనుమతి తీసుకున్నారు. ఆ డబ్బు వెళ్లేది జట్టు వాటా తీర్చడానికి. పన్ను పేరుతో వసూలైన సొమ్ము ప్రైవేటు వాటాగా లెక్కలోకి రావడాన్ని విమర్శకులు గట్టిగా తప్పుపట్టారు. నాకూ ఆ విమర్శ సబబే అనిపిస్తుంది.

ఇంకో చిన్న లెక్క. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలన్నిటికీ కలిపి గరిష్ఠంగా 2 శాతం. ఆ రెండులో అర శాతం స్టేడియానికి పోతే మిగతా అవసరాలకు ఆ చోటు ఉండదు. పక్కనున్న డల్లాస్‌లో రైలు, బస్సుల సంస్థకు వెళ్లేది ఒక శాతం. ఆర్లింగ్టన్‌లో అలాంటి వ్యవస్థ లేదు, ఓటర్లే పలుమార్లు వద్దన్నారు. స్టేడియానికి వెళ్లాలంటే కారే దిక్కు. 40 వేలమంది కార్లలో వస్తే ఎంత పార్కింగ్ కావాలో, ఆ తారు నేల ఎండను ఎంత పీల్చి ఎంత వెదజల్లుతుందో ఏ సివిల్ ఇంజనీరునైనా అడగండి.

కట్టడం

డిజైన్ హెచ్‌కేఎస్ సంస్థది. 1994 స్టేడియంలోనూ స్థానిక ఆర్కిటెక్టులుగా ఉన్నది వాళ్లే. ప్రధాన కాంట్రాక్టర్ మాన్‌హట్టన్ కన్‌స్ట్రక్షన్. పాత బేస్‌బాల్ స్టేడియం కట్టిందీ వీళ్లే, కౌబాయ్స్ స్టేడియం కట్టిందీ వీళ్లే. పక్కపక్కన మూడు కట్టడాలు, ఒకే నేల. మట్టి గురించి, స్థానిక సబ్ కాంట్రాక్టర్ల గురించి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఆ అనుభవం విలువ టెండర్ పత్రాల్లో కనపడదు గానీ షెడ్యూల్లో కనపడుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్లు వాల్టర్ పి. మూర్. 2017 సెప్టెంబరు 28న శంకుస్థాపన. 2020 మార్చి చివర్లో మొదటి మ్యాచ్ అన్నది లక్ష్యం. అంటే 30 నెలలు. కదిలే పైకప్పు ఉన్న స్టేడియానికి ఇది ఇరుకైన గడువే.

ఆట స్థలాన్ని నేలమట్టానికి బాగా కిందికి దించారు. దీనివల్ల రెండు లాభాలు. జనం రోడ్డు ఎత్తులో లోపలికి వచ్చి కొందరు కిందికి, కొందరు పైకి సర్దుకుంటారు, ర్యాంపులు తగ్గుతాయి. భవనం ఎత్తు తగ్గి గాలి భారం తగ్గుతుంది. నష్టం కూడా ఉంది: తవ్వకం ముగిసేదాకా మిగతా ఏ పనీ ఊపందుకోదు, పెద్ద వాన పడితే గుంత చెరువవుతుంది.

పైకప్పు పనిలో నాకు ఎప్పుడూ భయం పుట్టించేది కట్టిన తర్వాతి రోజులు కాదు, ఎక్కించే రోజులు. 1999 జులై 14న మిల్వాకీలో బిగ్ బ్లూ అని పిలిచే భారీ క్రేన్, గాలి ఉన్న రోజున 400 టన్నులకు పైబడిన పైకప్పు ముక్కను ఎత్తుతూ కూలింది. ముగ్గురు ఉక్కు పనివాళ్లు చనిపోయారు. స్టేడియం తెరవడం 2000 నుంచి 2001కి వాయిదా పడింది. ఆ తర్వాత మా రంగంలో లిఫ్టింగ్ ప్లాన్, గాలి వేగం హద్దు అనే మాటలకు బరువు పెరిగింది. ఆర్లింగ్టన్‌లో 2019 డిసెంబరులో పైకప్పు మీద మంటలు లేచాయి. పొగ దూరానికి కనిపించింది గానీ త్వరగానే ఆర్పేశారు. ప్రారంభ తేదీ మారదని జట్టు ప్రకటించింది.

కదిలే భాగం ఒకే పెద్ద పలక. తెరవడానికి, మూయడానికి పావుగంట లోపే పడుతుంది. ఒకే పలక అయితే జాయింట్లు తగ్గుతాయి, నీరు కారే చోట్లు తగ్గుతాయి. కానీ 200 మీటర్ల ఉక్కు, చలికాలపు తెల్లవారుజాముకూ ఆగస్టు మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడాకు దాదాపు 10 సెంటీమీటర్లు సాగుతుంది. చక్రాలు, పట్టాలు ఆ సాగుడును మింగుకోవాలి. గాలి ఒక హద్దు దాటితే దాన్ని కదిలించకూడదు, ఎక్కడుంటే అక్కడ బిగించి తాళం వేయాలి. పైకప్పులో ఈటీఎఫ్ఈ అనే పారదర్శక పొరను వాడారు. అద్దంతో పోలిస్తే బరువు చాలా తక్కువ, వెలుతురు బాగా వస్తుంది, మూసి ఉన్నప్పుడు కూడా గుహలో కూర్చున్నట్టు ఉండదు. ఆ వెలుతురు గడ్డికి మాత్రం చాలదు. అందుకే కృత్రిమ గడ్డి పరిచారు. ఫీనిక్స్ జట్టు ఏడాది ముందే తన పైకప్పు కింద అదే రకానికి మారింది. గడ్డి కోసం రోజూ పైకప్పు తెరిచిపెట్టి, ఆట ముందు మూసి, వేడెక్కిన సీట్లన్నీ మళ్లీ చల్లబరిచే కరెంటు ఖర్చు తప్పింది. సహజమైన గడ్డి ప్రేమికులకు ఇది నచ్చలేదు. లెక్క ప్రకారం మాత్రం సరైన నిర్ణయమే.

సీట్లు తగ్గించారు: పాతదాంట్లో 48,114, కొత్తదాంట్లో సుమారు 40,300. ఏసీ వేయాల్సిన గాలి పరిమాణం తగ్గడానికి ఇది కూడా ఉపకరించింది. మైదానం కొలతల్లో ఒక సరదా పని చేశారు. ఎడమ కంచె 329 అడుగులు, జట్టు మాజీ ఆటగాడు ఏడ్రియన్ బెల్ట్రే జెర్సీ నంబరు 29 కోసం. ఎడమ మధ్యలో 372, జట్టు టెక్సస్ వచ్చిన 1972 కోసం. కుడి కంచె 326, మేనేజర్ జానీ ఓట్స్ 26 కోసం. బేస్‌బాల్ నియమాలు కంచెకు కనీస దూరం మాత్రమే చెప్పి మిగతాది ఆయా మైదానాలకే వదిలేశాయి కాబట్టే ఇది వీలైంది.

పాత స్టేడియం నేర్పిన మరో విషయం రెయిలింగులు. 2011 జులైలో ఆటగాడు విసిరిన బంతిని అందుకోబోయి ఒక ప్రేక్షకుడు ముందు వరుస నుంచి కింద పడి చనిపోయాడు. అక్కడి రెయిలింగు ఎత్తు 33 అంగుళాలు. చూపుకు అడ్డం రాకూడదని ముందు వరుసలకు కోడ్ (భవన నిర్మాణ నిబంధనలు) అడిగే కనీస ఎత్తు 26 మాత్రమే. అంటే కోడ్ కన్నా ఎక్కువే ఉంది. అయినా చాలలేదు. తర్వాత సీజనుకల్లా జట్టు 42 అంగుళాలకు పెంచింది. కోడ్ పాటించామని చేతులు దులుపుకునే జూనియర్లకు నేను ఈ సంగతే చెబుతాను.

తలుపులు తెరిచాక

2020 మార్చి 31న మొదటి మ్యాచ్ అనుకున్నారు. కోవిడ్ వచ్చింది. కొత్త స్టేడియంలోకి మొదట అడుగుపెట్టింది హైస్కూల్ గ్రాడ్యుయేషన్ చేసుకున్న పిల్లలు, మే చివర్లో. జులై 24న ఖాళీ సీట్ల ముందు కొలరాడోపై 1-0తో మొదటి గెలుపు. అక్టోబరులో వరల్డ్ సిరీస్, అంటే లీగు టైటిల్ తేల్చే ఫైనల్ సిరీస్, మొత్తం అక్కడే జరిగింది, ఆడింది లాస్ ఏంజెలెస్, టాంపా బే. తటస్థ మైదానంలో వరల్డ్ సిరీస్ జరగడం అదే మొదటిసారి. ఇంటి జట్టుకు పూర్తి జనం ముందు మొదటి సీజన్ ప్రారంభం దొరికింది 2021 ఏప్రిల్ 5న. 2023లో రేంజర్స్ తమ మొట్టమొదటి టైటిల్ గెలిచారు. 2024 ఆల్ స్టార్ మ్యాచ్ కూడా ఇక్కడే.

పైకప్పు జనాన్ని తెచ్చిందా? 2012లో, ఎండలో, పాత స్టేడియానికి వచ్చినవారు 34.6 లక్షలు. టైటిల్ గెలిచిన 2023లో ఏసీ కింద వచ్చినవారు 25.3 లక్షలు. 2012కి ముందు జట్టు వరసగా రెండేళ్లు వరల్డ్ సిరీస్ ఆడింది, జనం ఎండను లెక్కచేయలేదు. పైగా 40,300 సీట్లను 81తో గుణిస్తే 32.6 లక్షలు. ప్రతి మ్యాచూ నిండినా పాత రికార్డు అందదు. కాబట్టి హాజరు పెంచడానికి కట్టారని ఎవరైనా అంటే నమ్మకండి. టిక్కెట్ ధర, సూట్లు (ఖరీదైన ప్రైవేటు గదులు), ఏడాది పొడవునా కచేరీలు, పక్కనున్న టెక్సస్ లైవ్ హోటళ్లు, రెస్టారెంట్ల సముదాయం, ఇవే లెక్క. బాండ్లతో స్టేడియాలు కట్టిన నగరాలకు పెట్టింది తిరిగి రాదని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నదే. ఆర్లింగ్టన్ మినహాయింపు అనుకోవడానికి నాకు ఆధారం కనిపించలేదు. జనం సౌఖ్యం మాత్రం నిజం: జులై మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్లి మూడు గంటలు కూర్చోగలగడం అక్కడ ఇంతకుముందు సాధ్యం కాలేదు.

పాత స్టేడియాన్ని కూల్చలేదు. దీర్ఘచతురస్రపు మైదానంగా మార్చి ఫుట్‌బాల్‌కు, సాకర్‌కు వాడటం మొదలుపెట్టారు. 2021 నుంచి దాని పేరు చాక్టా స్టేడియం. ఉక్కు, కాంక్రీటు బతికి ఉన్నాయన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

1991లో చేయగలిగింది

నా అంచనాలో అప్పట్లోనే మూడు పనులు చేసి ఉండొచ్చు. సీట్ల గిన్నెకు బయట రెండు పొడవాటి పట్టీలను, భవిష్యత్తులో పైకప్పు స్తంభాల కోసం ఏ కట్టడమూ పైపులూ లేకుండా ఖాళీగా ఉంచడం. తెరిచిన పైకప్పు ఆగడానికి ఒకవైపు స్థలం వదలడం. సెంటర్ ఫీల్డ్ ఆఫీసు భవనాన్ని పైకప్పు పట్టాల దారికి అడ్డం లేకుండా జరపడం. వీటిలో ఏదీ భారీ ఖర్చు కాదు. ఖాళీ స్థలానికి అయ్యే ఖర్చు డ్రాయింగులో ఒక గీత. ఏసీ సమస్య, గాలి సమస్య అప్పటికీ మిగిలేవి. కానీ సియాటిల్ తరహాలో గొడుగులాంటి పైకప్పు, చుట్టూ ఓపెన్‌గా వదిలేసేది, 2010 ప్రాంతంలో ఆలోచించదగ్గ ప్రత్యామ్నాయంగా ఉండేది. నీడ దొరికితే సగం సమస్య తీరినట్టే. అప్పుడు నగరం ముందు 50 కోట్ల ప్రశ్న వేరే రూపంలో వచ్చేది.

ఓపెన్ స్టేడియం ఫీజిబిలిటీ రిపోర్టు నా దగ్గరికి వస్తే ఇప్పుడు నేను వెతికే పేజీ అదే: తర్వాత పైకప్పు వస్తే స్తంభాలు ఎక్కడ దిగుతాయి? ఆ డ్రాయింగు లేకపోతే రిపోర్టు వెనక్కి పంపుతాను.

ఆర్లింగ్టన్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో ఇంకో బేస్‌బాల్ మైదానం ఉండేది. 2008లో చిన్న లీగు జట్టు కోసం కట్టారు. అది ఖాళీ అయ్యాక క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. 2024 టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. ఇర్వింగ్, ఫ్రిస్కో నుంచి వచ్చే మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన చోటు. ఆ స్టేడియానికి పైకప్పు లేదు. లీగు జరిగేది వేసవిలోనే కాబట్టి ఎక్కువ మ్యాచ్‌లు సాయంత్రం పూట పెడుతున్నారు, 1972లో రేంజర్స్ చేసినట్టే.